తాపీకి కుట్టిన ఒర

ఉద్యోగం వచ్చిందన్న మెయిల్ చూసుకున్న రోజున మా అమ్మాయి లాస్య చేసిన మొదటి పని తాపీ కొనుక్కోవడం. పెట్టెలోంచి తీసి డైనింగ్ టేబుల్ మీద పెట్టింది. అరచేతికి కాస్త పెద్దదిగా ఉంది. మూడు మూలల ఉక్కు రేకు, చెక్క పిడి. తవ్వకాల పని చేసేవాళ్ళు దాన్ని ట్రోవెల్ అంటారట. నేను మాత్రం చూడగానే తాపీ అన్నాను. మా నాన్న రాజారావు తణుకులో తాపీమేస్త్రి. నలభై ఏళ్ళపాటు ఆయన చేతిలో ఉన్న వస్తువే అది. కాకపోతే ఆయనది ఇంతకు రెండింతలుండేది.

"బాగుంది. మీ నాన్న గోడలు కట్టాడు, మనవరాలు గోతులు తవ్వుతుంది," అన్నారు మావారు ద్వారకానాథ్ ల్యాప్‌టాప్ లోంచి తలెత్తకుండానే.

"గోతులు కాదు డాడీ, స్క్వేర్స్," అంది లాస్య. దానికి కోపం రాలేదు. ఆ వారం దానికి దేనికీ కోపం రాలేదు.

ఆయన బ్యాంకులో కంప్యూటర్ పని చేస్తారు. పదహారేళ్ళ కిందట ఆ పని మీదే మెల్‌బోర్న్ వచ్చాం, పాయింట్ కుక్‌లో ఇల్లు కట్టుకున్నాం. అప్పటికి లాస్యకి ఐదేళ్ళు. అది కూడా కంప్యూటర్లే చదువుతుందని ఆయన అనుకున్నారు. యూనివర్సిటీలో రెండో ఏడు అది పురావస్తు శాస్త్రం వైపు మళ్ళినప్పుడు ఆయన వద్దనలేదు, అలాగని దాని గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నేను పదో తరగతితో ఆపినదాన్ని. నాకు తెలియని విషయం కాబట్టి అన్నీ అడిగేదాన్ని.

ఉద్యోగం ఒక చిన్న కంపెనీలో. వెర్రిబీ దాటాక ఏటి పక్కన గడ్డి మైదానంలో కొత్త ఇళ్ళు రాబోతున్నాయి. ఏటి గట్టున ఉన్న నేలయితే, ఇళ్ళు కట్టే ముందు అక్కడ పాతకాలపు మనుషుల ఆనవాళ్ళున్నాయేమో తవ్వి చూడాలి. ఆ తవ్వే జట్టులో మా అమ్మాయి. మూడు వారాలు పని చూస్తారు. నచ్చితే వేసవంతా ఉంచుకుంటారు. దాంతోపాటు చదివిన పదిమందిలో ఈ పని దొరికింది ఇద్దరికే. అందుకే ఆ మూడు వారాల మాట ఎత్తినప్పుడల్లా అది ఊపిరి బిగబట్టేది.

మా నాన్న కొత్త తాపీకి బొట్టు పెట్టకుండా సున్నం ముట్టనిచ్చేవాడు కాదు. పునాది తవ్వే ముందు నేలకి దండం పెట్టకుండా గునపం ఎత్తనిచ్చేవాడు కాదు. లాస్య తాపీని నేను దేవుడి ముందు పెట్టి, రేకుకి పసుపు రాసి, మధ్యలో కుంకుమ పెట్టి హారతిచ్చాను. అది వచ్చి చూసి నవ్వింది. తర్వాత తడి టిష్యూతో మొత్తం తుడిచేసింది.

"సారీ అమ్మా. బ్లేడ్ మీద ఏమీ ఉండకూడదు. మేం సాయిల్ కలర్ చూడాలి కదా, అదే మా జాబ్."

సరేనన్నాను. కానీ మనసు ఒప్పుకోలేదు. బొట్టు లేని పనిముట్టు పట్టుకుని నా బిడ్డ మొదటిరోజు పనికి వెళ్ళడమేమిటి? పాత జీన్సు గుడ్డతో దాని తాపీకి ఒర కుట్టి ఇస్తానన్నాను. నడుముకి బెల్టులా తగిలించుకునేలా కుట్టాను. కొన దగ్గర రెండు పొరల మధ్య, గుడి నుంచి తెచ్చిన కుంకుమ చిన్న కాగితంలో మడిచి పెట్టి, చుట్టూ దారం వేశాను. రేకు మీద బొట్టు లేదు, ఒరలో ఉంది. దాని మాటా నిలిచింది, నా మాటా నిలిచింది అనుకున్నాను. ఆ సంగతి దానికి చెప్పలేదు.

ఇక ఆ మొదటి వారం మా ఇల్లు ఇల్లులా లేదు. తెల్లవారి ఐదున్నరకి బూట్ల చప్పుడు. సాయంత్రం నాలుగింటికి గుమ్మంలో మట్టి, దాంతోపాటు మాటల వాన. మీటరు పొడవు, మీటరు వెడల్పు గళ్ళు తాళ్ళతో కడతారట. ఐదు సెంటీమీటర్ల లోతు తీశాక ఆగి, మట్టి రంగు పుస్తకంలోని రంగులతో పోల్చి, కాగితం మీద రాసి, సంతకం పెట్టి, ఆ తర్వాతే ఇంకో ఐదు. తీసిన మట్టంతా జల్లెడ పడతారట.

"తవ్వడం కాదమ్మా. నువ్వు పెసరట్టు అంచు లేపుతావు చూడు, అలా. స్లోగా, ఫ్లాట్‌గా."

మొదటిరోజే దాని జల్లెడలో గోరంత రాతి పెచ్చు దొరికింది. ఎవరో ఒక రాయిని ఇంకో రాయితో కొట్టి, పదునైన అంచు కోసం విడదీసిన పెచ్చు. ఏ కాలానిదో ఇంకా తేలలేదట. "బట్ అమ్మా, నాకన్నా ముందు దాన్ని పట్టుకున్నది అది చేసినవాళ్ళే. మధ్యలో ఎవరూ లేరు," అని తన వేళ్ళు తనే చూసుకుంది.

మాటల్లో ఆంటీ మార్లీన్ అన్న పేరు తరచు వచ్చేది. ఆంటీ అలా అన్నారు, ఆంటీ ఇది చూపించారు. మనవాళ్ళలో ఎవరో పెద్దావిడ అనుకుని, ఏ సబర్బ్‌లో ఉంటారు, మన వంట తింటారా అని అడిగాను. లాస్య పడీపడీ నవ్వింది. ఆ నేల అసలు వాదవురుంగ్ అనే వాళ్ళదట. వాళ్ళ తరఫున రోజూ తవ్వకం దగ్గర ఉండే పెద్దావిడ ఈమె. వాళ్ళలోనూ పెద్దవాళ్ళని ఆంటీ, అంకుల్ అనే పిలుస్తారట. మర్నాడు పులిహోర ఒక డబ్బా ఎక్కువ కట్టాను. ఖాళీ డబ్బా కడిగి మరీ తిరిగి పంపారు.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం లాస్య తన కారు దగ్గర్నుంచి ఫోన్ చేసింది. అంతకుముందు రెండు రోజులు వాన. గాలి చప్పుడులో దాని గొంతు సగమే వినబడుతోంది.

"అమ్మా, ఓకర్. నా స్క్వేర్‌లో. థర్టీ సెంటీమీటర్స్ డౌన్. బ్రిడ్జెట్ అందర్నీ ఆపేసింది."

బ్రిడ్జెట్ దాని పై అధికారిణి. ఓకర్ అంటే ఎర్రమట్టి రంగు. ఇక్కడి తొలి మనుషులు దాన్ని నూరి ఒంటికి రాసుకునేవారు, బొమ్మలు గీసేవారు. ఒక్కోచోట చనిపోయినవాళ్ళతో కూడా ఉంచేవారట. అందుకే అంత జాగ్రత్త. గళ్ళ మీద ప్లాస్టిక్ కప్పేశారు. మర్నాడు పొద్దున ఏడున్నరకి ఆంటీ మార్లీన్ వచ్చి చూశాకే, ఆమె సరేనంటే ల్యాబ్‌కి మట్టి పంపుతారు. కాగితం మీద పేరు, సంతకం లాస్యవి.

నేను సేమ్యా పాయసం చేశాను. భోజనాల దగ్గర అది ఫోన్‌లో బ్రిడ్జెట్ పంపిన ఫోటో చూపించింది. ముందు ఆయన చూశారు. చూసి, మొదటిసారిగా దాన్ని ప్రశ్న అడిగారు. ఎంత లోతు, ఎలా తెలుస్తుంది, ల్యాబ్‌లో ఏం చేస్తారు. అది చెబుతోంది. చెబుతూ చెబుతూ ఫోన్ నా వైపు తిప్పింది.

బూడిదరంగు మట్టి. మూల దగ్గర రెండు ఎర్రటి మరకలు. ఒకటి చుక్కలా, ఒకటి గీత గీసినట్టు.

నా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. రోజూ పొద్దున అద్దంలో నా నుదుట చూసుకునే రంగది. పొరపాటు పడటానికి వీల్లేదు.

లాండ్రీలోకి వెళ్ళి చూశాను. ఒర కొన దగ్గర నా దారం తెగి ఉంది. లాస్య తాపీకి ఆకురాయి పెట్టి పదును చేసుకుంటుందన్న సంగతి నాకు తట్టలేదు. కొన గుచ్చుకుని కాగితం చిరిగింది, వానకి కుంకుమ ముద్దయింది. తాపీ లోపల పెట్టి తీసిన ప్రతిసారీ కొనకి కాస్త అంటుకుని ఉంటుంది.

వెంటనే చెప్పి ఉండాల్సింది. హాల్లోకి వచ్చేసరికి ఆయన ఆఫీసు స్నేహితుడు శేషాద్రితో ఫోన్‌లో, "మా అమ్మాయి, అవును, మా అమ్మాయే కనిపెట్టింది," అంటున్నారు. పక్కనే సోఫా చేతి మీద కూర్చుని లాస్య ఆయన ముఖంలోకి చూస్తోంది. రెండేళ్ళుగా అది ఎదురుచూసిన మాట. దాన్ని నా నోటితో ఎలా తుడిచేయను? దేవుడి గదిలోకి వెళ్ళి కూర్చున్నాను. ఏం చేయమంటావని అడిగాను. దీపం ఎప్పటిలాగే వెలుగుతోంది. పొద్దున్నే చెబుదామనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, అది దేవుడిచ్చిన జవాబు కాదు, నా పిరికితనం.

నేను ఐదింటికి లేచేసరికి అది వెళ్ళిపోయింది. ఫ్రిజ్ మీద చీటీ, ఆగలేక ముందే వెళ్తున్నానని. ఒర కూడా తీసుకెళ్ళింది.

పళ్ళు తోముకుంటున్న ఆయనకి చెప్పాను. నోట్లో నురగతో నా వైపు అలాగే చూశారు. పుక్కిలించి, మెల్లగా అడిగారు.

"చెప్పకపోతే?"

"ల్యాబ్‌లో తెలిసిపోతుంది."

"దానికి టైమ్ పడుతుంది. ఈలోగా మూడు వారాలూ అయిపోతాయి కదా, ఉదయా."

ఆయన తప్పుడు మనిషి కాదు. తండ్రి. ఒక్కటే అన్నాను, అక్కడ ఎవరో ఒక పెద్దావిడ నా కుంకుమని చూడటానికి వస్తోందని. ఆయన టవల్‌తో ముఖం తుడుచుకున్నారు. తర్వాత కారు తాళాలు తెచ్చి చేతిలో పెట్టారు. మట్టి రోడ్డులో నిదానంగా నడపమన్నారు.

దేవుడి ముందున్న కుంకుమ భరిణె పక్క సీట్లో పెట్టుకుని బయలుదేరాను. రెండుసార్లు ఫోన్ చేశాను, తియ్యలేదు. పని దగ్గర ఫోన్లు కారులోనే వదిలేస్తారు. వెర్రిబీ దాటి తారు రోడ్డు అయిపోయాక, నా జీవితంలో ఎప్పుడూ నడపని దారి. రెండు వైపులా గడ్డి, దూరంగా కొత్త ఇళ్ళ కప్పులు మా వైపే నడిచొస్తున్నట్టు వరసగా.

తీగ కంచె దగ్గర ఆపాను. నారింజ రంగు చొక్కాల్లో నలుగురైదుగురు ఒక గుంట చుట్టూ నిలబడి ఉన్నారు. ఇంకా ప్లాస్టిక్ తియ్యలేదు. నన్ను చూసి లాస్య పరుగున వచ్చింది.

"లంచ్ మర్చిపోయానా?"

నేను భరిణె మూత తీసి చూపించాను. తాపీ తుడిచేసిన రోజు దగ్గర్నుంచి అంతా చెప్పాను. గాలికి కొంచెం కుంకుమ లేచి నా చేతి మీద పడింది. అది నడుము దగ్గర ఒర విప్పి, తిరగేసి, కొన మీద వేలు పెట్టింది. వేలు ఎర్రబడింది. దాని ముఖంలో ఆ వెలుగు ఆరిపోవడం నేను నిలబడి చూశాను. ఆ ముఖాన్ని కన్నదాన్ని నేనే, ఆర్పినదాన్ని కూడా నేనే.

"ఎవరికి తెలుసు?" అంది.

"డాడీకి."

అది వెనక్కి తిరిగి గుంట వైపు చూసింది. ఎవరూ మా వైపు చూడటం లేదు. ఎవరో జోకేశారు, బ్రిడ్జెట్ నవ్వుతోంది. లాస్య పెదవి కొరుక్కుంటోంది. చిన్నప్పుడు లెక్క తప్పయిందని తెలిసినా టీచరుకి ఇవ్వాల్సి వచ్చినప్పుడు అలాగే చేసేది.

"నేను చెప్తానమ్మా. తప్పు నాది," అన్నాను.

"నో. తాపీ నాది. సంతకం నాది."

అది దాన్ని తాపీ అనడం అదే మొదటిసారి. ఒర చేత్తో పట్టుకుని నడిచింది. నేను తాడు దాకా వెనకే వెళ్ళి ఆగాను. గాలికి మాటలు నా దాకా రాలేదు. అది ఒర చాపడం, వేలు చూపించడం కనబడింది. బ్రిడ్జెట్ నవ్వు ఆగింది. పొడుగాటి మనిషి, ఎండకి కమిలిన ముఖం. టోపీ తీసి తల రుద్దుకుని ఒక నిమిషం ఆకాశం వైపు చూసింది. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని ప్లాస్టిక్ తీసి, ఆ మరకని, ఒరని పక్కపక్కన చూసింది.

నన్ను కూడా పిలిచారు. ఎప్పుడు తెలిసిందని బ్రిడ్జెట్ అడిగింది. లాస్య ఇప్పుడేనంది. అది నిజమే, దాని వరకు. అందరూ అక్కడితో వదిలేసేవారే. కానీ నా వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను, నాకు నిన్న సాయంత్రమే తెలుసునని, పిల్ల సంతోషం చూసి నోరు రాలేదని.

అప్పుడు మాట్లాడింది ఆంటీ మార్లీన్. పొట్టిగా, నెరిసిన జుట్టుతో, చేతులు జేబుల్లో పెట్టుకుని ఉంది. రాత్రి తనకి నిద్ర లేదంది. ఆ ఎరుపు దగ్గర తమవాళ్ళెవరైనా పడుకుని ఉన్నారేమో, వాళ్ళని లేపేస్తున్నామేమో అని ఆలోచిస్తూ గడిపానంది. కోపంగా అనలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. దానికన్నా కోప్పడితే నయమనిపించింది. నాకు తెలియకుండానే రెండు చేతులూ జోడించాను. ఏం చెప్పాలో ఇంగ్లీషులో దొరక్క, క్షమించమని తెలుగులోనే అన్నాను. ఆమె తలూపింది.

బ్రిడ్జెట్ కాగితం తీసుకుని ఎర్ర అక్షరాలతో ఏదో రాసింది. ఆ గడిలో మరక ఉన్న మట్టంతా వేరుగా తీసి, ఏమైందో రాసి పెట్టాలి. ఆ గడి నుంచి అంతకుముందు తీసిన మట్టంతా, నలభై బకెట్లు, మళ్ళీ జల్లెడ పట్టాలి. వారం చివరిదాకా లాస్య తాపీ ముట్టకూడదు.

"నన్ను పంపించేస్తారా?" అని లాస్య సూటిగా అడిగింది.

తవ్వకంలో తప్పు జరగని రోజు తను చూడలేదంది బ్రిడ్జెట్. దాచిపెట్టిన తప్పు ల్యాబ్‌లో బయటపడితే మాత్రం ఆ మనిషి రాసిన ఒక్క కాగితాన్ని కూడా ఇక నమ్మలేమంది. తర్వాత టోపీ పెట్టుకుంటూ, "సోమవారం ప్లాస్టిక్ ఒర తెచ్చుకో," అంది. సోమవారం అంటే పనిలో ఉంచుకుంటే మూడో వారం తర్వాత వచ్చే సోమవారమా, ఈ సోమవారమా అని అడిగే ధైర్యం మా ఇద్దరికీ లేకపోయింది. "రెండూ," అంది ఆమె మా ముఖాలు చూసి.

లాస్య అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది. తిరిగి ఇటు చూసేసరికి నిన్నటి మెరుపు కొంచెం వచ్చేసింది. పిల్లల ముఖాలు ఎంత తొందరగా కోలుకుంటాయో.

అక్కడ తిరగాలంటే తప్పదని నాక్కూడా ఒక నారింజ చొక్కా ఇచ్చి, కారు దగ్గరికి వెళ్ళే దారిలో ఆంటీ మార్లీన్ నా పక్కన నడిచింది. ఆ ఎరుపు ఎందుకు పెడతారని అడిగింది. మా నాన్న గురించి చెప్పాను. పనిముట్టుకి బొట్టు, తవ్వే ముందు నేలని మన్నించమని వేడుకోవడం. ఆమె శ్రద్ధగా విని, మంచి పద్ధతి అంది. తర్వాత, నేలని అడిగావు సరే, మమ్మల్ని అడిగావా అంది.

మా పాయింట్ కుక్ ఇంటి గృహప్రవేశం గుర్తొచ్చింది. పంతులుగారు ఎనిమిది దిక్కుల దేవతల్నీ పేరుపేరునా పిలిచారు. పాలు పొంగించాం. భూదేవిని క్షమించమన్నాం. ఆ నేలకి ఇంకెవరైనా ఉన్నారా, వాళ్ళని కూడా అడగాలా అన్న ఆలోచన మా ఎవరికీ రాలేదు. పదహారేళ్ళు. ఇందరు దేవుళ్ళని అడిగినదాన్ని, మనుషుల్ని ఎందుకు మర్చిపోయాను?

నా ముఖం చూసి ఆమెకి జాలేసినట్టుంది. అసలు ఫోటో చూసినప్పుడే కొంచెం అనుమానమొచ్చిందంది.

"మా ఎరుపు ఇంత గట్టిగా అరవదు," అని నవ్వింది. "పులిహోర తెచ్చావా?"

తేలేదు. కుంకుమ భరిణె ఒక్కటే తెచ్చాను. రేపు తెస్తానన్నాను.

వెళ్ళిపోదామనుకుంటూనే జల్లెడ దగ్గర ఆగాను. ఇనుప కాళ్ళ మీద వేలాడుతున్న పెద్ద జల్లెడ. లాస్య మొదటి బకెట్ కుమ్మరించి ఊపుతోంది. చిన్నప్పుడు మా నాన్నకి ఇసుక జల్లించి పెట్టేదాన్ని నేను. గులకరాళ్ళు అంచుకి చేరేలా మణికట్టు తిప్పాలి. అది అచ్చం అలాగే తిప్పుతోంది. ఎవరూ నేర్పలేదు. చూస్తుంటే నవ్వొచ్చింది, గర్వమేసింది.

మూడో బకెట్. నాలుగో బకెట్. ఐదో బకెట్‌లో దాని చేయి ఆగింది. వంగి, ఒక చిన్న రాయిని రెండు వేళ్ళతో తీసింది. నిన్నటి లాస్య అయితే ఈపాటికి కేక వేసేది. ఇవాళ దాన్ని వెలుగులో తిప్పింది. అంచు చూసింది. నీళ్ళ సీసా మూతలో ముంచి, మట్టి వదిలాక మళ్ళీ తిప్పింది. తన వేళ్ళు ఎర్రగా లేవు కదా అని చూసుకుంది. అప్పుడు చెయ్యెత్తింది.

"బ్రిడ్జెట్, ఇది ఏమైనా కావచ్చు. ఏమీ కాకపోనూవచ్చు."

బ్రిడ్జెట్ చూసి, ఆంటీ మార్లీన్ చేతిలో పెట్టింది. ఆమె బొటనవేలితో అంచు తడిమింది. నెమ్మదిగా ఆమె ముఖమంతా నవ్వు పరుచుకుంది. అవునన్నట్టు లాస్య వైపు తలూపింది. లాస్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఉన్నచోటే మడమల మీద ఎగిరింది.

ఎర్రటి రాతి పెచ్చు. నా చిటికెన గోరంత. ఆంటీ మార్లీన్ అరచేయి నా వైపు చాపింది. నా కుడిచెయ్యి దానంతటదే లేచింది, తీసుకుని కళ్ళకద్దుకోవడానికి. మధ్యలో ఆపుకున్నాను.

ముట్టుకోవచ్చా అని అడిగాను.